టార్చి మొదట ఆగేది వీపు మీద

ప్రశ్న: మాది కాకినాడ. వయసు 38, బ్యాంకు ఉద్యోగం. నాలుగేళ్లుగా స్కేల్ మోడల్ విమానాలు కడుతున్నాను. మా నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం ఒంటి మరమ్మతులు చూసే పనిలో ఉండి రిటైరయ్యారు. ఆయన చేతుల మీదుగా తిరిగిన మిగ్-21 బిస్ రకం యుద్ధవిమానాన్ని 1/48 స్కేల్‌లో, అంటే అసలు దానిలో నలభై ఎనిమిదో వంతు సైజులో, ఎనిమిది నెలలు కూర్చుని కట్టాను. కాక్‌పిట్‌లో ఇత్తడి ఫోటో ఎచ్ ముక్కలే (రసాయనంతో చెక్కిన సన్నటి రేకు ముక్కలు) వందకు పైగా పెట్టాను. మొన్న ఒక పోటీకి తీసుకెళ్తే మూడో బహుమతి కూడా రాలేదు. విమానాలన్నిటికీ కలిపి ఒకటే విభాగం. ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు పెట్టెలో ఉన్నది ఉన్నట్టు కట్టిన 1/72 స్పిట్‌ఫైర్‌కి మొదటి బహుమతి ఇచ్చారు. జడ్జీలు నా మోడల్ దగ్గర ఒక నిమిషం కూడా నిలబడలేదు. వీపు మీద అతుకు గీత కనిపిస్తోందని ఒకాయన అన్నారు. రంగు వేసినరోజు అది లేదు, ఒట్టు. ఇందులో పక్షపాతం ఏమైనా ఉందా? ఈసారి 1/32 పెద్ద స్కేల్‌కి వెళ్లనా? ఖరీదైన ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే పనిముట్టు) కొననా? ఇంకో సంగతి, నాన్న కూడా దాన్ని చూసి "బాగుంది గానీ, మా విమానం ఇంత మురికిగా ఎప్పుడూ లేదురా" అన్నారు. ఫోటోలు పంపుతున్నాను. (పేరు వద్దు)

జవాబు: మీరు పంపిన ఏడు ఫోటోలూ కంప్యూటర్‌లో పెద్దవి చేసి, రెండు రోజులు తిప్పి తిప్పి చూశాను. ముందు కాక్‌పిట్ సంగతి. అద్దం బిగించక ముందు తీసిన ఫోటో చూసి నాకు కాస్త అసూయ కలిగింది. ఆ రష్యన్ నీలి పచ్చ రంగు, మీటర్ల మీద తెల్ల గీతలు, సీటు బెల్టులు పడిన తీరు... ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, నా చేత అంత బాగా రాదు. కానీ తర్వాతి ఫోటోలో ఆ కాక్‌పిట్ మీద అద్దం మూసి ఉంది. లోపలి అంచుల్లో పాలు ఒలికినట్టు తెల్లటి మసక. ఆ మసకలోంచి మీ వంద ఇత్తడి ముక్కల్లో పది కూడా కనిపించడం లేదు.

పక్షపాతం అన్నారు. ఉండదని నేను హామీ ఇవ్వలేను, మనుషులున్న చోట అన్నీ ఉంటాయి. మీ ఫోటోలు చూశాక మాత్రం, ఆ బల్ల దగ్గర నేనున్నా ముందుకు నడిచేవాణ్ణి. కోపం తెచ్చుకోకండి, ఎందుకో చెబుతాను.

జడ్జీలు మోడల్‌ని చూసే వరస మనం కట్టే వరస కాదు. మనం కాక్‌పిట్‌తో మొదలుపెడతాం, ఆ ప్రేమంతా అక్కడే పోస్తాం. జడ్జి చేతిలో చిన్న పెన్ టార్చి ఉంటుంది. మోడల్‌ని ముట్టుకోడు, వంగి టార్చిని ఏటవాలుగా వీపు మీద నుంచి తోక దాకా జరుపుతాడు. రెండు సగాలు కలిసిన చోట గీత ఉందా? తర్వాత ఎదురుగా వచ్చి మోకాళ్ల మీద కూర్చుంటాడు. రెక్కలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, తోక నిటారుగా ఉందా, చక్రాలు మూడూ నేలకు ఆనాయా? ఆ తర్వాత అద్దం, రంగు, స్టిక్కర్ల వంతు. ఇవన్నీ దాటిన మోడల్‌కే లోపల ఎంత పని ఉందో చూసే ఓపిక మిగులుతుంది. అమెరికాలో ఐపీఎంఎస్ (స్కేల్ మోడల్ కట్టేవాళ్ల అంతర్జాతీయ సంఘం) వాళ్లు జడ్జీలకు నేర్పేదీ ఇదే: ముందు ప్రాథమిక పనితనం, చరిత్రకు ఎంత ఖచ్చితంగా ఉందన్నది తర్వాత. ఐపీఎంఎస్ అనే ఆ సంఘం 1963లో బ్రిటన్‌లో పుట్టింది. ఇప్పుడు చాలా దేశాల్లో పోటీలు ఆ పద్ధతిని చూసే నడుస్తాయి. ఆ కుర్రాడి స్పిట్‌ఫైర్‌లో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండి ఉండదు. తప్పు పట్టడానికీ ఏమీ ఉండి ఉండదు. బహుమతి దానికే వస్తుంది.

ఇక మీ ఒట్టు గురించి. రంగు వేసినరోజు గీత లేదన్నారు. నేను నమ్ముతున్నాను. నిజంగానే ఆ రోజు లేదు. అది తర్వాత పుట్టింది.

మనం వాడే పల్చటి సిమెంటు, అంటే ఆకుపచ్చ మూత టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది, అసలు జిగురే కాదు. ప్లాస్టిక్‌ని కరిగించే ద్రావకం. రెండు అంచులనూ కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. పైకి పది నిమిషాల్లో గట్టిపడినట్టు ఉంటుంది. లోపల ద్రావకం మాత్రం రోజుల తరబడి కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. ఆవిరయ్యే కొద్దీ ఆ మెత్తబడ్డ ప్లాస్టిక్ కుంచించుకుంటుంది. మీరు ఆ రాత్రి అతికించి మర్నాడు పొద్దున్నే, బహుశా ఆదివారం కాబట్టి, ఉప్పుకాగితం పట్టి ఉంటారు. అప్పటికి ఆ చోటు ఇంకా ఉబ్బి ఉంది. ఉబ్బుని పక్క భాగంతో సమానంగా అరగదీశారు. ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత వేశారు, నునుపుగా ఉంది. రంగు వేశారు, బ్రహ్మాండం. నెల తిరిగేసరికి ఉబ్బు చల్లారి లోపలికి పడింది, వీపు పొడవునా సన్నటి పల్లం తేలింది. పుట్టీ మందంగా పెట్టినా ఇదే కథ, అదీ ఎండే కొద్దీ కుంగుతుంది. పైన పటారం, లోన లొటారం అనే మాట దీనికి బాగా సరిపోతుంది, కాకపోతే ఇక్కడ లొటారం నెల తర్వాత బయటపడింది.

మిగ్‌కి ఇది మరీ ప్రమాదం. గుండ్రటి గొట్టం లాంటి ఒళ్లు, వీపు మీద పొడవాటి వెన్ను. అసలు విమానం మీద ఆ మధ్య గీత ఉండదు. మీరు నమ్మకపోతే నాన్నగారిని అడగండి. 1/48లో పదోవంతు మిల్లీమీటరు పల్లం అంటే, అసలు విమానం వీపు మీద దాదాపు అర సెంటీమీటరు కాలవ తవ్వినట్టు. అలాంటి విమానాన్ని నాన్నగారు పైకి ఎగరనిచ్చేవారా?

ఈసారి ఇలా చేయండి. రెండు సగాలనూ జిగురు లేకుండా చాలాసార్లు కలిపి చూసుకోండి. లోపల కాక్‌పిట్ తొట్టి అడ్డుపడుతుంటే ఇప్పుడే అరగదీయండి, నొక్కి బలవంతంగా మూసిన ఒళ్లు ఏదో ఒకరోజు విచ్చుకుంటుంది. సగాల మధ్య వెంట్రుకంత సందు ఉంచి పట్టుకుని, బ్రష్ కొసతో సిమెంటు తాకించండి. అదే సందులోకి పాకుతుంది. పది పదిహేను సెకన్లు ఆగి మెల్లగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా అతుకు పొడవునా పైకి ఉబకాలి. ఆ పూసే మీ పుట్టీ, అదీ అదే ప్లాస్టిక్ కాబట్టి తర్వాత రంగు తేడా రాదు. రెండు మూడు అంగుళాల చొప్పున ఇలా జరుపుకుంటూ పోండి. టేపు చుట్టి పక్కన పెట్టేయండి. ఎన్నాళ్లు అంటే, నేనైతే కనీసం వారం. ఈలోగా చక్రాలు, మిసైళ్లు, ట్యాంకులు చేసుకోవచ్చు, పని ఆగదు.

ఆ తర్వాత బ్లేడు అంచుతో పూసను గీకి, వాటర్ పేపర్ పట్టండి. కార్ల టింకరింగ్ షాపుల దగ్గర పెయింట్ సామాన్లు అమ్మే కొట్లలో 400 నుంచి 2000 నంబరు దాకా దొరుకుతుంది, హాబీ షాపు వాటికంటే చవక. తడిపి రుద్దండి, దుమ్ము లేవదు. గుండ్రటి ఒంటి మీద వేలితో నొక్కి రుద్దితే చదునైన పట్టీ పడుతుంది, కాగితాన్ని సన్నటి పట్టీగా కోసి బూటు పాలిష్ కొట్టినట్టు ఇటూ అటూ లాగండి. ఆపైన బూడిద రంగు ప్రైమర్ ఒక పల్చటి పూత. గది లైటు ఆర్పి, ఫోన్ టార్చిని ఏటవాలుగా పట్టుకుని చూడండి. జడ్జి చూసేది మీరే ముందు చూసేయండి. కనిపిస్తే మళ్లీ పూరించండి, మళ్లీ ప్రైమర్. నా మోడల్స్‌లో ఈ తంతు మూడుసార్లకు తక్కువ ఎప్పుడూ జరగలేదు. చిన్న చిన్న గుంటలకు ఫెవిక్విక్ పూస కూడా బాగా పనిచేస్తుంది, కుంగదు. కానీ అది గంట రెండు గంటల్లో అరగదీయాలి, మర్నాటికి ప్లాస్టిక్ కంటే గట్టిపడి దాని పక్కనున్న మెత్తటి ప్లాస్టిక్ ముందు అరిగిపోతుంది.

ఇంకో చిక్కు. మీ కిట్ ఎడ్వార్డ్ కంపెనీ వాళ్లది, ఒంటి నిండా రివెట్ (రేకులను బిగించే మేకు) వరసలు సన్నగా చెక్కి ఉంటాయి. అతుకు అరగదీస్తే ఆ చుట్టుపక్కల రివెట్లు మాయమవుతాయి. మీ మూడో ఫోటోలో అదే అయింది, వెన్నుకి అటూ ఇటూ గోరు వెడల్పున నున్నటి బాట. దానికి పళ్ల చక్రం ఉన్న చిన్న పనిముట్టు దొరుకుతుంది, రివెటర్ అంటారు. మందపాటి టేపు అంచు వెంబడి దాన్ని దొర్లిస్తే చుక్కల వరస తిరిగి వస్తుంది. పాత ప్లాస్టిక్ ముక్క మీద చేయి తిరిగే దాకా చేసి చూడండి. వంకర పోయిన రివెట్ వరస కన్నా అసలు లేని వరస నయం.

రెక్కల దగ్గరికి వస్తే, ఎదురు నుంచి తీసిన ఫోటోలో ఎడమ రెక్క దాదాపు సమంగా ఉంది, కుడిది కిందికి వాలింది. వాలడం తప్పు కాదు. మిగ్-21 రెక్కలు సహజంగానే 2 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. మీ స్కేల్‌లో లెక్కేస్తే ఒంటి దగ్గర కన్నా రెక్క కొస సుమారు 2 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. అంటే మీ కుడి రెక్క ఒప్పు, ఎడమది తప్పు. కానీ జడ్జి కంటికి రెండూ ఒకేలా లేకపోవడమే తప్పు. దీనికి ఇంట్లోనే మందుంది. ఒక గాజు పలక మీద మోడల్‌ని పెట్టి, రెండు రెక్కల కొసలూ పలక నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో స్కేలుతో కొలవండి. రెక్క కొస నుంచి తోక చివరకు దూరం రెండు వైపులా కొలవండి. జిగురు ఆరే దాకా అట్టముక్కలు కోసి రెక్కల కింద ఆసరా పెట్టండి. మన కన్ను మన మోడల్‌కి ఎప్పుడూ దయ చూపిస్తుంది, అందుకే ఫోన్ కెమెరాలో గళ్ల గీతలు ఆన్ చేసి ఎదురు నుంచి ఫోటో తీయండి. ఫోన్‌కి దయ లేదు.

ముక్కులో బరువు పెట్టానని మీరు రాయలేదు గానీ, మోడల్ మూడు చక్రాల మీదే నిలబడింది కాబట్టి పెట్టే ఉంటారు. సంతోషం. నా మొదటి పోటీలో నేను నాట్ అనే యుద్ధవిమానం మోడల్ పెట్టాను. 1/72లో అది పన్నెండు సెంటీమీటర్ల బుల్లి విమానం, అంత చిన్నదానికి బరువెందుకులే అనుకున్నాను. బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశానో లేదో, ముక్కు గాల్లోకి లేపి తోక మీద కూర్చుంది, కుక్క రొట్టె అడుగుతున్నట్టు. దాని వెనక చక్రాల కింద అగ్గిపుల్ల ముక్క ఆన్చి నిలబెట్టాను. జడ్జి వచ్చి అగ్గిపుల్లను చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు చేపల గాలాలకు కట్టే సీసం గుళ్లు నా పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి.

అద్దం మసక ఫెవిక్విక్ పని. అది గట్టిపడేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద పేరుకుంటుంది. తేమ ఎక్కువుంటే అది ఇంకా త్వరగా గట్టిపడుతుంది, కాకినాడలో తేమకేం కొదవ. అద్దాలకు మామూలు ఫెవికాల్ వాడండి, తెల్లగా పెట్టినా ఆరాక కనిపించదు, తప్పుపోతే తడిబట్టతో తుడిచేయొచ్చు. మసక లోపలి వైపుంది కాబట్టి అద్దం ఊడదీస్తే కొంత బాగవుతుంది: నెయిల్ పాలిష్ షాపుల్లో దొరికే బఫర్‌తో, చివర్లో టూత్‌పేస్ట్‌తో మెల్లగా రుద్దాలి. మిగ్‌లో ఒక సౌలభ్యం కూడా ఉంది. మీ బిస్ అద్దం కుడి పక్కకు తెరుచుకుంటుంది, తెరిచి పెట్టి ఉంటే ఆ కాక్‌పిట్‌ని అందరూ చూసేవారు. పాత ఎఫ్ఎల్ రకంలో అద్దం ముందుకు తెరుచుకునేది. ఎవరైనా మీతో "మిగ్ అద్దం ముందుకు కదా తెరుచుకోవాలి" అని వాదిస్తే వాళ్లు చూసింది 1971 నాటి ఫోటో అయి ఉంటుంది, గొడవ పడకండి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి, నాకు ముఖ్యమనిపించింది. మీ రెక్కల మీద లేత బూడిద రంగు కొన్ని చోట్ల తెల్లగా పొడి చల్లినట్టుంది. మీరు దాన్ని పాతదనం తెచ్చే పనిలో కలిపేశారు, తెలివైన పనే, కానీ అది మీరు కావాలని వేసింది కాదని నా అనుమానం. లాకర్ రంగులు (ఘాటైన థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగులు) కొట్టినప్పుడు థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పూత మీద నీటి ఆవిరి చేరి, రంగు లోపల తెల్లగా చిక్కుకుంటుంది. ఎండాకాలంలో చల్లటి మంచినీళ్ల గ్లాసు బయట చెమట పట్టడం లాంటిదే. హైదరాబాద్‌లో కూర్చుని నేర్చుకున్న నాకు ఇది తెలియదు. ఒకసారి ఆగస్టులో విశాఖలో బంధువుల ఇంట్లో కూర్చుని ఒక హంటర్ యుద్ధవిమానం మోడల్‌కి రంగు కొట్టి, పొద్దున లేచి చూస్తే పిండి పట్టించిన బొబ్బట్టులా ఉంది.

సముద్రం పక్కన ఉండేవాళ్లు రంగు పనికి వేళ చూసుకోవాలి. వాన లేనిరోజు, పదకొండు నుంచి నాలుగు మధ్య. ఏసీ గది ఉంటే గంట ముందు నడిపి తేమ తగ్గించండి. నెమ్మదిగా ఆరే గుణం ఉన్న థిన్నర్ వాడండి, మిస్టర్ లెవెలింగ్ థిన్నర్ అలాంటిదే. అదే థిన్నర్‌ని ఒట్టిదే పల్చగా చల్లితే తెల్లబడ్డ పూత చాలాసార్లు తిరిగి తేటపడుతుంది, ముందు రెక్క అడుగున పరీక్షించుకోండి. కంప్రెసర్‌లో కూడా నీరు చేరుతుంది. గొట్టం మధ్యలో తేమ పట్టే గిన్నె తప్పనిసరి. పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పి నీళ్లు వదిలేయండి. లేకపోతే ఏదో ఒకరోజు సరిగ్గా తోక మీద రంగు పడుతున్నప్పుడు నీటి చుక్క చీదుతుంది. అది ఎప్పుడూ తోక మీదే చీదుతుంది, ఎందుకో నాకు తెలియదు.

ఖరీదైన ఎయిర్‌బ్రష్ వద్దు. మీ దగ్గరున్న 0.3 మిల్లీమీటర్ల సూది మీ మోడల్‌కి చాలు. రంగుని పాలంత పల్చన చేయండి, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య ఉంచండి, మూడు నాలుగు పల్చటి పూతలు వేయండి. ఒకే పూతలో కప్పెయ్యాలన్న తొందర ఉన్నన్నాళ్లు ఎంత ఖరీదైన బ్రష్ అయినా మందంగానే కొడుతుంది. ఆ డబ్బుతో మంచి మాస్కు కొనండి. ఆసుపత్రి మాస్కు కాదు, మూతికి రుమాలు అసలే కాదు. రసాయన ఆవిర్లను పట్టే కార్ట్రిడ్జిలు ఉన్న రబ్బరు మాస్కు. గాలిని బయటికి లాగే ఫ్యాను కూడా. ఇంట్లో పిల్లలుంటే మరీ. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను జడ్జి కన్నా కఠినంగా ఉంటాను.

1/32 సంగతి రెండు ముక్కల్లో. ముక్కు ముందున్న గొట్టంతో కలిపి మిగ్ దాదాపు అర మీటరు పొడవవుతుంది. మీ బీరువా పైన చోటుంటే సరే. కానీ 1/48లో గోరంత ఉన్న గీత అక్కడ కొండంత అవుతుంది. కాబట్టి ఇప్పుడే వద్దు.

స్టిక్కర్లు, అంటే డెకాల్స్, దాదాపు బాగున్నాయి. రెక్క కింద అంకెల చుట్టూ మాత్రం వెండిలా మెరుస్తోంది. గరుకు రంగు మీద డెకాల్ పెడితే కింద గాలి చిక్కుకుని అలా మెరుస్తుంది. అందుకే ముందు నిగనిగలాడే వార్నిష్ పూత వేసి, దాని మీద డెకాల్ పెట్టి, మెత్తబరిచే ద్రావణం రాసి, అన్నీ అయ్యాక చివర్లో మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొడతాం. ఇప్పుడున్న వాటికి సన్నటి సూదితో అక్కడక్కడ పొడిచి ఆ ద్రావణమే మళ్లీ రాయండి, సగం పోతుంది. మన గుండ్రటి గుర్తులో కాషాయం మాత్రం మీరు సరిగ్గా పట్టుకున్నారు. కొన్ని షీట్లలో అది మరీ ఎర్రగా అచ్చవుతుంది, కొన్నిట్లో నారింజ మిఠాయిలా.

పోటీకి మోడల్ మోసుకెళ్లడం గురించి ఒకటే. మీ ఆరో ఫోటోలో ముక్కు గొట్టం వంగి ఉంది, అది ప్రయాణంలోనే జరిగి ఉండాలి. బిస్‌కి ఆ గొట్టం ముక్కు మీద మధ్యలో కాకుండా కుడి పక్కకు జరిగి ఉంటుంది, ఇంట్లో దుమ్ము తుడిచినా చేతికి తగులుతుంది. దాన్ని విడిగా డబ్బాలో పెట్టి తీసుకెళ్లి, బల్ల దగ్గర ఫెవికాల్ చుక్కతో నిలబెట్టండి. పట్టకారు, టూత్‌పిక్కులు, ఒంటి రంగు చిన్న సీసా, ఫెవికాల్, ఇంత చాలు. రైల్లో పై బెర్తు మీద పెట్టకండి. ఎందుకని అడగకండి.

ఇంకా ఆ పోటీ నిర్వాహకులతో మాట్లాడే అవకాశం ఉంటే, ఒక జడ్జికి ఫోన్ చేయండి. "నాకెందుకు రాలేదు" అని అడిగితే ఆయన ఇబ్బంది పడి ఏదో మర్యాద మాట చెబుతాడు. "మీ టార్చి నా మోడల్ మీద మొదట ఎక్కడ ఆగింది?" అని అడగండి. దానికి నిజం చెబుతారు. వీపు మీద గీత గురించి అడక్కుండానే చెప్పిన ఆ పెద్దమనిషి నిజానికి మీకు మేలు చేశాడు. చాలామంది ఆ పాటి కూడా నోరు విప్పరు.

ఈసారి పోటీకి నా సలహా చిన్నది, మీకు నచ్చకపోవచ్చు. ఇత్తడి ముక్కలు లేకుండా, పెట్టెలో ఉన్నదానితోనే 1/72లో ఒక విమానం కట్టండి. మనవాళ్ల గుర్తులే కావాలంటే, బర్మా యుద్ధంలో 1944లో ఇంఫాల్ నుంచి ఎగిరిన మన ఎయిర్‌ఫోర్స్ నంబర్ 1 స్క్వాడ్రన్ హరికేన్ యుద్ధవిమానం ఉంది, అప్పట్లో ఆ స్క్వాడ్రన్‌కి, తర్వాత ఎయిర్‌ఫోర్స్ అధిపతి అయిన అర్జన్ సింగ్ నాయకుడు. ఆ గుర్తుల్లో ఎరుపు ఉండదు, నీలం ఛాయలే. జపాన్ విమానాల ఎర్రటి సూర్యుడు అనుకుని సొంతవాళ్లే కాల్చేయకూడదని ఎరుపు తీసేశారు. చూసేవాళ్లు తప్పకుండా అడుగుతారు, మీరు చెప్పొచ్చు. కాక్‌పిట్ కనిపించేది బఠాణీ గింజంత, కాబట్టి మీ చేయి ఎటు లాగినా అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. అతుకులు, అమరిక, అద్దం, పూత: ఈ నాలుగింటి మీదే పెట్టండి మీ టైమంతా. రెండు మూడు నెలలకు మించి తీసుకోకండి.

మిగ్‌ని మాత్రం ఆ వరసలోకి తీసుకురాకండి. అది పోటీ కోసం కట్టింది కాదని మీ ఉత్తరమే చెబుతోంది. మిగ్-21 మన దగ్గరికి 1963లో వచ్చింది, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఆఖరిసారి వీడ్కోలు తీసుకుంది. నాన్నగారి ఉద్యోగకాలమంతా ఆ అరవై రెండేళ్లలోనే ఉంది. ఆయన అన్న మాటని మీరు విమర్శగా తీసుకుని ఉత్తరం చివర్లో పెట్టారు. నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో అంతకంటే విలువైన వాక్యం కనబడలేదు. మీరు వాడింది రష్యన్ విమానాల ఫోటోలు చూసి నేర్చుకున్న మురికి, ఏళ్ల తరబడి ఎండలో వదిలేసిన విమానాల మురికి. ప్రతి పలక గీతలోనూ ఒకే నలుపు పోశారు. నిజం విమానం అలా మురికిపట్టదు. చేయి పడే చోట పడుతుంది, పడని చోట పడదు.

కాబట్టి మోడల్‌ని ఆయన ముందు పెట్టి, ఒక టూత్‌పిక్ ఆయన చేతికివ్వండి. రోజూ పొద్దున్నే తెరిచే పలకలు ఏవి? ఏ మూత స్క్రూల చుట్టూ రంగు ముందుగా ఊడేది? నూనె ఎక్కడ కారేది, కారితే ఎటు పాకేది? రెక్క మీద ఎక్కడ కాలు పెట్టి నడిచేవారు, ఎక్కడ పెట్టొద్దని అరిచేవారు? ఆయన చూపించిన చోట్ల పెన్సిల్‌తో ఒక కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. మిగతా చోట్ల ఉన్న నలుపుని ఎనామెల్ థిన్నర్ తడిపిన దూదిపుల్లతో తుడిచేయండి. వాష్‌కి, అంటే గీతల్లో పోసే పల్చటి నలుపుకి, మీరు ఎనామెల్ రంగు వాడి, పైన మ్యాట్ వార్నిష్ వేయకపోయి ఉంటే వచ్చేస్తుంది. వార్నిష్ వేసి ఉంటే దాని జోలికి పోకండి, ఉన్నదాన్ని అలాగే ఉంచి ఇంకొకటి కట్టండి.

ఆ కాగితం ఫోటో తీసి నాకూ పంపండి. పెట్టె తెరవని మిగ్-21 ఒకటి నా అటక మీద చాలా కాలంగా ఉంది. దాని మురికి ఎక్కడ పెట్టాలో తెలియకే మొదలుపెట్టలేదు.